దమయంతి కుట్టిన ముక్కల బొంత

నేను ఒక ముక్కల బొంతను. అంగట్లో ప్లాస్టిక్ సంచిలో పెట్టి అమ్మే రజాయిల జాతి కాదు నాది. నా పైపొరలో రెండువందల పైచిలుకు గుడ్డముక్కలున్నాయి. నడుమ మూడు పాత నూలు చీరలు, అడుగున ఒక మగమనిషి కట్టి విడిచిన లుంగీలు. నన్ను కుట్టింది దమయంతి. ఉద్దానంలో, కొబ్బరితోటల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఆమె ఆడవాళ్ళ బట్టలు కుట్టేది.

బొంతగా పుట్టకముందు నేను పదిహేడేళ్ళపాటు ఒక గోనెసంచిలో ఉన్నాను. జాకెట్టు కత్తిరించగా చంక దగ్గర మిగిలిన మూలలు, పావడా అంచుల పీలికలు, బడి యూనిఫారాల నీలం ముక్కలు, ఎవరిదో పెళ్ళి జాకెట్టులో మిగిలిన జరీ తునక, ఇలా ఒక్కొక్కటే వచ్చి ఆ సంచిలో పడేవి. "మిగిలిన గుడ్డ ఇచ్చీ దమయంతీ, మర్సిపోకు" అని ప్రతి ఆడమనిషీ చెప్పేది. జాకెట్టు చేతికొచ్చాక ఒక్కరూ అడిగేవారు కాదు. మనుషుల తీరు సంచిలో ఉండగానే నాకు కొంత తెలిసింది. కొలతలు తీసేటప్పుడు ఊపిరి బిగబట్టి నడుము సన్నగా చూపిస్తారు. తీరా జాకెట్టు బిగుతైతే కుట్టినామెను తిడతారు. దమయంతి ఎదురు చెప్పేది కాదు. నవ్వి, కుట్టు విప్పి, వదులు చేసి ఇచ్చేది. వాళ్ళ సంగతి తెలుసు గనక లోపల ఎప్పుడూ రెండు వేళ్ళ గుడ్డ ఎక్కువ ఉంచే కుట్టేది.

ఆమె భర్త కూర్మారావు కొబ్బరికాయలు దించే పని చేసేవాడు. ఆమెకు మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలిచేది. సాయంత్రం పని నుంచి వచ్చి గడపలో కూర్చుని, నా సంచిని కాలితో తట్టేవాడు.

"ఏటే దమయంతీ, ఈ పేలికలన్నీ ఏటి సేస్తావు? కొబ్బరిసెట్లకి సొక్కాలు కుడతావా?"

"పెద్ద బొంత కుడతాను బావా. తీరికవనీ."

"నీకు తీరికవడం, నాను సూడ్డం!"

తీరిక ఆమెకు దొరికింది. ఎవరూ కోరుకోని పద్ధతిలో దొరికింది.

ఒక ఆషాఢమాసంలో కూర్మారావు పాదాలు వాచాయి. చెట్టెక్కేటప్పుడు పాదాలకు తగిలించుకునే తాడు ఒకరోజు పట్టలేదు. తాడు తడిసి బిగిసిందనుకుని కొత్తది పేనుకున్నాడు. అదీ పట్టలేదు. మూడో రోజు సగం చెట్టు మీద ఊపిరాడక, మానును కరుచుకుని అరగంట ఉండిపోయాడు. కిందికి దిగాక మళ్ళీ ఏ చెట్టూ ఎక్కలేదు.

ఆ ప్రాంతంలో ఈ వాపు చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. వేరే ఊళ్ళలో జ్వరం ఎంతుందని అడిగినట్టు అక్కడ క్రియాటినిన్ ఎంతుందని అడుగుతారు. కిడ్నీలు ఎంత చెడ్డాయో చెప్పే అంకె అది. బడి మొహం చూడనివాళ్ళకు కూడా ఆ అంకెల అర్థం తెలుసు. ఎందుకు వస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. జీపుల్లో వచ్చినవాళ్ళు సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు, చేతులు చాపమని రక్తం పట్టుకెళ్ళారు. ఊరివాళ్ళు ఓపిగ్గా చేతులు చాపారు. ఏ జీపూ జవాబు పట్టుకుని తిరిగి రాలేదు.

ఒకటి దగ్గర ఉండాల్సిన ఆ అంకె కూర్మారావుకు తొమ్మిది దాటింది. వారానికి మూడు రోజులు పట్నంలో ఆసుపత్రికి వెళ్ళి రక్తం కడిగే మిషను పెట్టించుకోవాలన్నారు. ఒక్కోసారి నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ వెంట వచ్చినవాళ్ళు వార్డు బయట బెంచీ మీద కూర్చోవాలి.

మొదటి రోజు అతను బయటికొచ్చినప్పుడు పళ్ళు టకటకమని కొట్టుకుంటున్నాయి.

"సలి పైనించి కాదే దమయంతీ. నా రగతం బయటికెల్లి, సల్లారిపోయి, మల్లీ లోపలికొస్తంది. ఎముకల్లో సలేస్తంది."

మర్నాడు ఆమె అటక మీది నుంచి నా సంచిని దించింది. అంతకుముందు రాత్రంతా ఏమి ఆలోచించిందో నాకు తెలియదు. కుట్టుమిషను బెంచీ మీదికి రాదు కదా. అందుకని సూది, దారపుండలు, కత్తెర, మోకాళ్ళ మీద పరుచుకోవడానికి ఒక పాత చీర, నాలో కొన్ని ముక్కలు ఒక చేతిసంచిలో సర్దుకుంది. అలా ఆసుపత్రి వరండాలో, ఆ బెంచీ మీద, చేతికుట్టుతో నా పుట్టుక మొదలైంది.

నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళు ఒక్కొక్కరే వేరే చోటికి వెళ్ళిపోయారు. వారంలో మూడు రోజులు ఇంట్లో ఉండని మనిషికి పెళ్ళి జాకెట్లు ఎవరిస్తారు? వాళ్ళను తప్పుపట్టలేను. ఇంట్లో కుట్టుమిషను మీద దుప్పటి కప్పేశారు. పదమూడేళ్ళ కూతురు రోహిణి దాని మీద పుస్తకాలు పెట్టుకుని చదువుకునేది.

దమయంతికి అప్పుడు తన చేతిలో ఉన్నదంటూ ఏదీ లేదు. ఎప్పుడు బయల్దేరాలో ఆటోవాడు చెప్పేవాడు. ఎంత నీళ్ళు తాగాలో, ఏమి తినకూడదో ఆసుపత్రివాళ్ళు చెప్పేవారు. నా విషయంలో మాత్రం ఆమె మాటే మాట. పసుపు పక్కన వంగపండు రంగు పెట్టాలా, బడి నీలం పెట్టాలా అని పావుగంట ఆలోచించేది. పెట్టి, తీసి, మళ్ళీ పెట్టేది. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు విసుక్కునేవారు కూడా. "ఏదో ఒకటి అతికీసీవే, ఎవులు సూస్తారు" అనేవారు. ఆమె వినేది కాదు. వార్డు తలుపు తెరుచుకుని నర్సు ఎవరినో గాబరాగా పిలిచినప్పుడు బెంచీ మీదివాళ్ళందరి తలలూ ఒక్కసారి లేచేవి. దమయంతి తల కూడా లేచేది. పిలిచింది తనను కాదని తెలిశాక సూది మళ్ళీ నాలో దిగేది.

నేను పూర్తయిన రోజు కూర్మారావు నన్ను గడ్డం దాకా కప్పుకున్నాడు. మిషను తిరుగుతోంది. అతను వేలితో ఒక్కో ముక్కనూ తడుముతూ ఇది ఎవరిది, అది ఎవరిది అని అడిగాడు. ఆమె గుర్తున్నంతవరకు చెప్పింది.

"ఒలమ్మా! ఊల్లో ఆడోలందరూ నామీదికెక్కి కూకున్నారే!" అన్నాడు.

ఆ మాటకు నర్సులు కూడా నవ్వారు. దమయంతి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ వార్డులో నేను విన్న పెద్ద నవ్వు అదే.

ఏడాది గడిచింది. కూర్మారావు చెయ్యి సూదులకు గట్టిపడి తాడులా అయింది. కిడ్నీ ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇతను బతికి బట్టకట్టే వీలుందని ఒక డాక్టరు అన్నాడు. ఆ మాట డాక్టరు నోట్లోంచి పూర్తిగా రాకముందే దమయంతి నేనిస్తానంది. భర్తకు చెప్పలేదు. దారం కొనుక్కొస్తానని చెప్పి వెళ్ళి పరీక్షలకు రక్తం ఇచ్చింది. రెండు రోజుల తర్వాత డాక్టరు ఆమెను వరండా చివరికి పిలిచాడు. నేను ఆమె భుజం మీద ఉన్నాను.

"అమ్మా, మీరు ఇవ్వడం కుదరదు," అన్నాడు మెల్లగా. "మీకే నాలుగు దాటింది. మీరే చూపించుకోవాలి. వచ్చేసారి ఈ చీటీ తీసుకురండి, మందులు రాస్తాను."

ఆమె తల ఊపింది. థాంక్స్ అని కూడా అంది. మనుషులు ఎలాంటి మాటకు థాంక్స్ చెప్తారో చూస్తే నాకు ఇప్పటికీ వింతగా ఉంటుంది.

చీటీని చింపేస్తే సరిపోయేది. కాని డాక్టరు మళ్ళీ తెమ్మన్నాడు. ఆసుపత్రి కాగితాలన్నీ ఉండే సంచిలో పెడితే కూర్మారావు చూస్తాడు. ఆమె బెంచీ మీద కూర్చుని, నా అంచు దగ్గర నాలుగు వేళ్ళ మేర కుట్టు విప్పి, చీటీని మడిచి పొరల మధ్యకు తోసి, మళ్ళీ కుట్టేసింది. ఎంత సన్నని కుట్టంటే, అక్కడ విప్పినట్టు నాకే తెలిసేది కాదు. ఆ వచ్చేసారి రానే లేదు. డాక్టరు గది వైపు వెళ్ళాల్సిన ప్రతిసారీ భర్తకు ఏదో ఒకటి అవసరమయ్యేది, ఆమె ఆగిపోయేది.

గుడ్డలో పెట్టి కుడితే కాగితం నోరు మూసుకుంటుందని ఆమె అనుకుంది. కాగితం ఊరుకోలేదు. కూర్మారావు పక్కకు తిరిగినప్పుడల్లా గరగరమనేది.

"ఏటే, ఈ బొంత సప్పుడు సేస్తంది?"

"గంజి పెట్టినాను బావా. గట్టిపడిపోనాది."

"నూలు బొంతకి గంజేటి?" అన్నాడు కాని, అప్పటికి ఊరుకున్నాడు.

ఒక మధ్యాహ్నం రోహిణి బడిలో తల్లిదండ్రుల్ని రమ్మన్నారని దమయంతి వెళ్ళింది. ఇంట్లో కూర్మారావు, నేను. అతను లేచి, ఆమె కుట్టు డబ్బా తెచ్చుకుని, చప్పుడున్న చోటు వేళ్ళతో వెతికి పట్టుకున్నాడు. చిన్న కత్తెరతో కుట్టు విప్పి, చీటీ బయటికి తీశాడు. ఐదో తరగతి చదివిన మనిషి. ఇంగ్లీషు రాదు. అంకెలు మాత్రం చదవగలడు. ముందు అది తన చీటీయే అనుకుని సంతోషించాడు. తొమ్మిది, పది నుంచి నాలుగుకు దిగిందనుకున్నాడు. తన పాత చీటీలన్నీ తెచ్చి నా మీద పరిచి పక్కపక్కన పెట్టి చూశాడు. తన వాటిలో వయసు పక్కన ఉండే అక్షరం ఇందులో లేదు. వేరే అక్షరం ఉంది. వయసు కూడా తనది కాదు, దమయంతిది.

అతని చెయ్యి నా మీద అలాగే ఉండిపోయింది. చాలాసేపు. చెట్లెక్కి కాయలు కాసిన ఆ అరచేయి బరువు నాకు బాగా తెలుసు. ఆ రోజు అది ఇంకా బరువుగా ఉంది.

తర్వాత చీటీని ఉన్నట్టే మడిచి లోపల పెట్టాడు. సూదిలో దారం ఎక్కించడానికి ఎన్నిసార్లు తడబడ్డాడో. డబ్బాలో చేతికందింది ఎర్రదారం. దానితోనే కుట్టాడు. వంకరటింకర కుట్లు, బస్తా మూతికి వేసినట్టు. పని అయ్యాక ఆ అంచు తన కాళ్ళ వైపుకు తిప్పుకుని పడుకున్నాడు. దమయంతి వచ్చాక బడి సంగతులు అడిగాడు. రోహిణికి లెక్కల్లో మంచి మార్కులొచ్చాయని ఆమె చెప్పింది.

రెండు రోజుల తర్వాత, మిషను మీద ఉండగా డాక్టరును అడిగాడు.

"బాబూ, నాలుగున్నోలు ఎన్నాల్లు నెట్టుకురాగలరు?"

"ఎవరికి?"

"మా ఊరోల్లకి. ఒకలు అడగమన్నారు."

"ఎండలో తిరక్కుండా, వేళకు తిని, మందులు వేసుకుంటూ జాగ్రత్తగా ఉంటే కొన్నేళ్ళు లాగొచ్చు. ఒళ్ళు అలవకూడదు."

వారానికి మూడు రోజులు దమయంతి పొద్దున్న తినకుండా ఆటో ఎక్కేది. ఎండలో నిలబడి మందుల చీటీలు రాయించుకొచ్చేది. నాలుగు గంటలు బెంచీ మీద వంగి కూర్చునేది. కూర్మారావు పైకప్పు వంక చూస్తూ పడుకున్నాడు. అతని గుండె కొట్టుకోవడం నా పొరల్లో వినిపించింది.

ఆ వారం చివర్లో, ఆటో వచ్చే వేళకు అతను లేవలేదు.

"ఇంక ఎల్లను దమయంతీ. ఆ సూదులు నాను పడలేను."

ఆమె ముందు వేళాకోళమనుకుంది. తర్వాత బతిమాలింది. ఆటోవాడు హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయాడు. పక్క ఊరి నుంచి అతని అక్క గవరమ్మను పిలిపించింది. గవరమ్మ తిట్టింది, ఏడ్చింది. రోహిణి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని "నాన్నా, ఒక్కపాలికి రా" అంది. అతను కూతురి తల నిమిరాడు కాని కదల్లేదు. ఎవరేమన్నా ఒకటే మాట. "నన్నొగ్గీండి."

ఐదో రోజుకు మొహమంతా పొంగింది. అప్పుడు దమయంతి ఓర్పు తెగిపోయింది.

"నీకు మామీద మనసు లేదు. నొప్పికి బయపడి ఎల్లిపోతన్నావు. మన గుంట మొకం సూసైనా బతకాలని లేదు. పిరికోడివి బావా నువ్వు. నాను పిరికోడిని సేసుకున్నాను!"

కూర్మారావు నన్ను గడ్డం దాకా లాక్కున్నాడు. పెదవులు కదిలాయి. చెప్పేస్తాడనుకున్నాను. "అవునే, పిరికోడినే" అన్నాడు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆమె అలసిపోయి కింద చాప మీద నిద్రపోయింది. అతను మంచం మీద నుంచి నన్ను మెల్లగా లాగి, ఆయాసపడుతూ వంగి ఆమె మీద కప్పాడు. తనకు చలేస్తున్నా తిరిగి తీసుకోలేదు. పదకొండో రోజు ఉదయం, రోహిణి జడ వేసుకుంటుండగా పోయాడు.

మూడో రోజు ఇంట్లోవన్నీ కడిగారు. పోయినవాళ్ళు కప్పుకున్నది ఇంట్లో ఉంచకూడదని, శ్మశానం పక్కన పడేసి రమ్మని గవరమ్మ అంది. ముందు ఒకసారి ఉతుకుతానని దమయంతి నన్ను బోరింగు దగ్గరికి తీసుకెళ్ళింది. బండ మీద పరిచి నీళ్ళు పోసింది. సబ్బు రుద్దుతూ అంచు దాకా వచ్చిన చెయ్యి ఆగిపోయింది.

"రోహిణీ, దీనికి ఎర్రదారం నువ్వు కుట్టినావా?"

"నాను కాదమ్మా. నాకు కుట్టడమే రాదు కదా."

దమయంతి ఆ కుట్లను వేలితో ఒక్కొక్కటే తాకింది. పదిహేడేళ్ళు ఊరందరి కుట్లూ చూసిన మనిషి. అది ఎవరి చెయ్యో తెలుసుకోవడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. ఎప్పుడు కుట్టాడో, ఎందుకు కుట్టాడో, ఆ తర్వాత ఆటో ఎందుకెక్కలేదో ఒకదాని వెంట ఒకటి ఆమె మొహంలో కనబడ్డాయి. ఏడవలేదు. తడి బండ మీదే కూర్చుండిపోయింది. నీళ్ళకు వచ్చినవాళ్ళు చూసి, బిందెలు తీసుకుని వెనక్కి వెళ్ళిపోయారు. ఎండ నడినెత్తికొచ్చాక గవరమ్మ వెతుక్కుంటూ వచ్చింది.

"ఇంకా ఉతుకుతన్నావేటే? ఇటిచ్చీ, పారీసొత్తాను."

"వొదినా, ఆడిని పిరికోడన్నాను."

"కోపంలో అన్నావు. అది ఇనడానికి ఆడు లేడు కదే."

"ఇన్నాడు వొదినా. ఇని ఒప్పుకున్నాడు."

గవరమ్మకు అర్థం కాలేదు. దమయంతి చెప్పనూ లేదు. నన్ను మాత్రం ఇవ్వలేదు. గవరమ్మ అలిగి, పదో రోజు దాకా మాట్లాడలేదు.

తర్వాత కథ చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. దమయంతి మందులు వేసుకుంది. కుట్టుమిషను మీది దుప్పటి తీసింది. కొద్దిమంది తిరిగి వచ్చారు. వేళకు తిన్నది, ఎండలోకి వెళ్ళలేదు. డాక్టరు చెప్పినవన్నీ మొండిగా, ఒక పగతో చేసినట్టు చేసింది. కూర్మారావు తన ప్రాణం పెట్టి ఆమెకు ఇవ్వాలనుకున్నది కొన్నేళ్ళు. దొరికింది పద్నాలుగు నెలలు. పద్నాలుగో నెలలో ఆమె పాదం కుట్టుమిషను తొక్కలేకపోయింది. పరీక్ష చేస్తే తొమ్మిది దాటింది. మనుషులు త్యాగం చేస్తే దానికి తగ్గ ఫలం ఉంటుందని వాళ్ళ కథల్లో చెప్పుకుంటారట. ఆ కథలు రాసేవాళ్ళు ఆ వార్డులో ఎప్పుడూ పడుకుని ఉండరు.

ఇప్పుడు మేము వారానికి మూడు రోజులు వెళ్తాం. రోహిణి ఇంటర్‌లో చేరింది కాని, ఆ మూడు రోజులూ కాలేజీకి వెళ్ళదు. నేను వెలిసిపోయాను. జరీ తునక నల్లబడింది. పదే పదే ఉతకడంతో లోపలి చీరలు ఉండలు కట్టాయి. దమయంతి నన్ను బాగుచెయ్యదు. సూది పట్టుకుంటే వేళ్ళు వణుకుతున్నాయి.

మొన్న ఉదయం ఏడింటికి ఆటో ఒక జంక్షన్‌లో ఆగింది. కొత్తవాళ్ళిద్దరు ఎక్కారు. మగమనిషి పాదాలు చెప్పుల్లో పట్టక మడమలు బయటికొచ్చాయి. అతని భార్య చేతిలో కొత్త ఫైలు ఉంది, ఇంకా ఒక్క కాగితం కూడా నలగలేదు. శుభకార్యానికి వెళ్ళేవాళ్ళలా ఇద్దరూ ఉతికిన బట్టలు కట్టుకున్నారు. చోటు చాలక ఆ మగమనిషి మా ఎదురుగా ఇరుక్కుని కూర్చున్నాడు. దమయంతి మోకాళ్ళ మీదున్న నా కొసను రోహిణి అతని మోకాళ్ళ మీదికి కూడా లాగింది.

"లోపల బాగా సలేస్తాది బాబాయ్. ఎల్లుండి వొచ్చేటప్పుడు ఒక దుప్పటి తెచ్చుకోండి."

అతని భార్య రోహిణి వంక అయోమయంగా చూసింది.

"ఎల్లుండేటమ్మా? మమ్మల్ని ఈ ఒక్కరోజుకే రమ్మన్నారు."

రోహిణి తల్లి వైపు చూసింది. దమయంతి కళ్ళు మూసుకుంది. ఆటో కదిలింది.